ఆ ఫోరమ్‌లో నీ పేరు

అన్నయ్యా,

ఇవాళ నీ పుట్టినరోజు. "బైపోలార్ మందులు మానేశాను, హాయిగా ఉంది" అని మన తెలుగు స్టూడెంట్ల ఫోరమ్‌లో నువ్వు పెట్టిన పోస్ట్ ఇంకా అలాగే ఉంది. ఆ తర్వాత కొన్ని వారాలకే నువ్వు పోయావని చదివేవాళ్లకు తెలియదు. పాత పోస్ట్‌లు మనంతట మనం తీసేసే వీలు అక్కడ లేదు; తీసేయమని ఫోరమ్ వాళ్లకి ఎన్ని మెయిల్స్ రాసినా జవాబు లేదు.

పొద్దున దాని కింద డాలస్‌లో ఎమ్మెస్ చదివే అమ్మాయి అడిగింది: "అన్నా, ఇప్పుడెట్లున్నవ్? నేను గూడ టాబ్లెట్స్ స్టాప్ చేద్దామనుకుంటున్న."

నాకక్కడ అకౌంట్ లేదు. నీ లాప్‌టాప్ తెరిచి నీ పేరుతోనే రాశాను: "నేను ఈ పోస్ట్ పెట్టినతని చెల్లెల్ని. అన్నయ్య చనిపోయాడు. మానొద్దమ్మా, మీ డాక్టర్‌కి కాల్ చెయ్యి."

"సారీ అక్కా. ఇప్పుడే చేస్త."

నీ పేరు పక్కన 'ఆన్‌లైన్' అని పచ్చచుక్క వెలుగుతోంది. ఆఫీస్‌కి వేళయింది. లాగౌట్ నొక్కడానికి చేయి రావడం లేదు.