లాంచీ మీద నుంచి మీ తాతకు పూలు

ఒరేయ్ మస్తానూ,

నువ్వు పోయాక వచ్చిన మొదటి పెద్దల పండగ ఇది. నీ సమాధి మీద నీ కొడుకులు పూలు చల్లారు. "అన్నా, ఆయన తాతకి ఈసారి ఎవరు వేస్తారు?" అని మీ ఆవిడ ఖాసింబీ అడిగింది. మీ తాత సమాధి సాగర్ నీళ్ళ కింద, మునిగిపోయిన మీ ఊళ్ళో ఉందాయె. నేనున్నాగా అన్నాను.

ఏటా నువ్వు డ్యామ్ దగ్గరే విసిరి వచ్చేవాడివి. నేను లాంచీ ఎక్కాను. ఎక్కుదామని ఎప్పుడూ అనేవాడివి గనక చెబుతున్నా, విను. మాచర్లలో పొద్దున్నే బస్సు పట్టుకోవాలి. జనం నిండితేగాని లాంచీ కదలదు. అన్నం, నీళ్ళు వెంట ఉండాలి. పైన కూర్చుంటే ఎండకి మాడిపోతాం, కిందే నయం.

నీళ్ళ మధ్యకి వెళ్ళాక, మీ ఊరెక్కడని లాంచీ వాణ్ణి అడిగాను.

"ఇక్కడ ఊరేంటి తాతా? అన్నీ నీళ్ళేగా!"

"నీళ్ళు నాకూ కనపడుతున్నాయిరా. ఊరు అడుగున ఉంది."

"మా నాన్నకే తెలియదు. నన్నడిగితే?"

ఏ కొండకి ఎదురుగానో నీకే తెలుసు. చెప్పకుండా పోయావు.

ఒకచోటే పోస్తే గురి తప్పుతుందని, పత్తి గింజలు పెట్టినట్టు కాసిని కాసిని వేసుకుంటూ పోయాను. వెళ్ళేటప్పుడు సగం, వచ్చేటప్పుడు సగం. ఎక్కడో ఒకచోట మీ తాత మీద పడే ఉంటాయి. ఖాసింబీకి మాత్రం సరిగ్గా సమాధి మీదే వేశానని చెప్పాను. నువ్వూ అదే అనుకో.