ఎనిమిది కిలోల చిలకమ్మ

ఫిషింగ్ హార్బర్, విశాఖపట్నం
ఆగస్టు 4

యంత్రాలు తయారుచేసి పుణ్యం కట్టుకుంటున్న సాగర తూనిక యంత్రాల కంపెనీ వారికి, చేపల వేలం సంఘం కాటా గుమస్తా కనకరత్నం నమస్కరించి రాయునది.

మీరు జూన్‌లో మాకు అమ్మిన కంప్యూటర్ కాటా చూడ్డానికి చాలా ముచ్చటగా ఉంది. పచ్చలైటు, ఎర్రలైటు, దానంతటదే బయటికొచ్చే చీటీ. ఒక్కటే చిన్న లోపం. బరువు చెప్పదు.

అసలు చెప్పదంటే అబద్ధమాడినట్టవుతుంది. ఉదయం మొదట ఒడ్డుకొచ్చిన పడవ వాళ్ల మొదటి ట్రాలీకి మాత్రమే చెప్పదు. నిన్న జగ్గయ్య పడవ ముందొచ్చింది. నూట నలభై రెండు కిలోల కానాగంత చేపలు ఎక్కిస్తే చీటీ మీద నలభై రెండు పడింది. దించి మళ్లీ ఎక్కిస్తే నూట నలభై రెండు! "వంద కేజీల సేపలు ఏ జేబులో ఎట్టుకున్నావు కనకరత్నం?" అని జగ్గయ్య నా జేబు తిరగేసి చూశాడు. కళ్లజోడు పెట్టె తప్ప ఏమీ దొరకలేదు. అయినా నమ్మలేదు.

ఇప్పుడు ముందు రావడానికి ఎవరూ ఒప్పుకోవడం లేదు. "నువ్వెల్లు బావా", "కాదు, నువ్వే ఎల్లు బావా" అని పడవలన్నీ నీళ్లలోనే మర్యాదలు చేసుకుంటున్నాయి. ఇరవై రెండేళ్లుగా ఈ హార్బర్‌లో ఉన్నాను, ఇంత మర్యాద ఎప్పుడూ చూడలేదు. ఈలోగా ఐసు కరిగిపోతోంది.

సెప్టెంబరు 28న మా సర్వసభ్య సమావేశం. అప్పటికి కాటా సంగతి తేలకపోతే నన్ను తీసేయాలని జగ్గయ్య తీర్మానం రాసి పెట్టుకున్నాడు.

ఇట్లు,
మీ కాటా పుణ్యాన దొంగ అనిపించుకుంటున్న
కనకరత్నం

తా.క.: ముందు మీ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను. సేవ ఎలా ఉందో ఒకటి నుంచి అయిదు లోపు అంకె నొక్కమన్నారు. నొక్కాను. మొదటి అంకె మింగే జబ్బు అక్కడా ఉన్నట్టుంది, తర్వాత ఏమీ వినిపించలేదు. ఫిర్యాదు కాగితం మీదే ఉండాలని మా సంఘం నియమం కూడా. మీ ఆఫీసున్న గోపాలపట్నం ఇక్కడికి బస్సులో గంట, పోస్టులో వారం. ఇంతకంటే ఏం కావాలి?


గోపాలపట్నం
ఆగస్టు 12

గౌరవనీయులైన కనకరత్నం గారికి,

మీ ఉత్తరం అందింది. మా ఆఫీసులో అందరూ చదివి ఆనందించారు. ఆనందించడం అయ్యాక ఆ పని నా బల్ల మీద పడేశారు.

మీ కాటా మంచిదే. వైరు మంచిదే. రెండింటి మధ్య సీరియల్ పోర్టు అని ఒకటి ఉంటుంది. కాటా చెప్పే బరువు ఒక్కొక్క అంకెగా అందులోంచే కంప్యూటర్‌కి వెళ్తుంది. అందులో ఉన్న చిప్‌కి పది నిమిషాలు పనిలేకపోతే కునుకు పడుతుంది. మళ్లీ లేచేటప్పుడు, వచ్చిన మొదటి అంకెను మింగేసి లేస్తుంది. చిప్ తయారుచేసిన పెద్దలకు రాశాను. "ఈ లక్షణం మా దృష్టిలో ఉన్నది, వాడుకదారు తగు జాగ్రత్త వహించవలెను" అని జవాబిచ్చారు. ఇల్లు కట్టిన మేస్త్రీ "కప్పు కారుతుందని నాకు తెలుసు, గొడుగు వేసుకోండి" అన్నట్టుంది కదూ!

ఆ గొడుగు నేను కుట్టాలి. దాన్ని డ్రైవర్ అంటాం. చిప్‌ను మార్చలేం కాబట్టి దాని తప్పును డ్రైవరే సర్దుకుపోవాలి. అది తయారయ్యేదాకా, రోజూ మొదటి ట్రాలీకి ముందు ఏదైనా అక్కర్లేని బరువును కాటా మీద పెట్టండి. చిప్ దాని అంకె మింగి నిద్ర లేస్తుంది. ఆ తర్వాత చేపలకు ఢోకా లేదు.

ఇట్లు,
సత్యశ్రీ, డ్రైవర్ల విభాగం
(విభాగంలో ఉన్నది నేనొక్కదాన్నే)

తా.క.: బరువుగా దేన్ని పెట్టినా పర్లేదు, మనకు ఎదురు చెప్పని వస్తువైతే మేలు.


ఫిషింగ్ హార్బర్
ఆగస్టు 22

చిరంజీవి సౌభాగ్యవతి సత్యశ్రీకి (చేతిరాత చూస్తే మా అమ్మాయి వయసే అనిపించింది), ఆశీస్సులు.

అక్కర్లేని బరువు అనగానే అందరికీ మా కార్యదర్శి సీతారామాంజనేయులు గారే గుర్తొచ్చారు. కారణం చెప్పకుండా ఆయన్నే ఎక్కమన్నాం. నూటికి పైన ఉన్న మనిషి, ఎక్కనన్నారు. చివరికి ఒడ్డున చేపలమ్మే చిలకమ్మ, "నానెక్కుతాను, తప్పుకోండి" అని చెప్పులు విడిచి కాటాకి దణ్ణం పెట్టి మరీ ఎక్కింది. చీటీ వచ్చింది: ఎనిమిది కిలోలు.

 వేలం పాడే పోతమ్మ, అలవాటు కొద్దీ, "చిలకమ్మ, ఎనిమిది కేజీలు!" అని గట్టిగా చదివేసింది. చిలకమ్మ ఆ చీటీని ప్లాస్టిక్ కవర్లో పెట్టి కొంగున కట్టుకుంది. రెండేళ్లుగా అన్నం మానేసి గోధుమరవ్వ తింటున్న వియ్యపురాలికి చూపించడానికి ప్రత్యేకంగా ఆటో ఎక్కి వెళ్లిందట.

ఆ రోజు జగ్గయ్య చేపలు మంచి ధరకు పోయాయి. అంతే, చిలకమ్మ చేతి... కాదు, కాలి బోణీ మంచిదని పేరొచ్చింది. ఇప్పుడు ఆమె ఎక్కనిదే ఎవరూ ట్రాలీ తేవడం లేదు. ఎక్కిందంటే మాత్రం ఆ తర్వాత నేనంటే నేనని తోసుకుంటున్నారు. మర్యాదలన్నీ అయిపోయాయి, బూతులు మళ్లీ మొదలయ్యాయి. నా ప్రాణం కుదుటపడింది.

సాక్ష్యంగా ఒక చీటీ జత చేస్తున్నాను.

ఇట్లు,
దొంగ అన్న పేరు సగం పోయిన
కనకరత్నం

తా.క.: మీ డ్రైవర్ ఎప్పుడొస్తాడు, భోజనం పెట్టాలా అని కార్యదర్శి గారు అడుగుతున్నారు.


గోపాలపట్నం
సెప్టెంబరు 5

కనకరత్నం బాబాయి గారికి (ఆశీస్సులు పంపాక ఇంక 'గౌరవనీయులు' అంటే బాగుండదు),

మీరు పంపిన చీటీ చూసి మా లీగల్ వాళ్లు గొల్లుమన్నారు. ఎనిమిది కిలోల పసిపిల్లను చేపల కాటా మీద నిలబెడుతున్నారా అని మీ మీద నోటీసు కూడా టైపు చేశారు. ముందు ఒక అంకె పోయిందయ్యా అని నచ్చజెప్పాను. "అయితే ఆవిడ అసలు ఎంత?" అన్నారు. అది అడగకూడని ప్రశ్న అని చెప్పి పంపించాను. మాన్యువల్ పదిహేడో పేజీ ప్రకారం కాటా మీద మనుషులు ఎక్కకూడదు. ఆ పేజీ రాసింది నేనే, చదివిందీ నేనొక్కదాన్నే.

ఇంక ఆ బాధ లేదు. డ్రైవర్ పూర్తయింది. చిప్ కునుకు తీసిందని అనుమానం రాగానే, ముందుగా ఒక ఉత్తుత్తి అంకె పంపిస్తుంది. చిప్ దాన్ని మింగుతుంది, అసలు బరువు క్షేమంగా చేరుతుంది. ఆలోచిస్తే ఇది చిలకమ్మ గారు చేస్తున్న పనే. ఆవిడకు అరక్షణం పట్టింది, నాకు మూడు వారాలు పట్టింది. పెన్‌డ్రైవ్ జత చేశాను, ఎక్కించండి.

ఇట్లు,
సత్యశ్రీ

తా.క.: డ్రైవర్ అంటే మనిషి కాదు, కంప్యూటర్ ప్రోగ్రాం, భోజనం అక్కర్లేదు. రాసిన మనిషికి రెండు వంజరం ముక్కలు పంపితే కాదనదు.


ఫిషింగ్ హార్బర్
సెప్టెంబరు 14

అమ్మా సత్యశ్రీ,

నీ డ్రైవర్ బ్రహ్మాండంగా పనిచేస్తోంది. కొంప మునిగింది.

నిన్న ఉదయం ఎక్కించాం. అలవాటు ప్రకారం చిలకమ్మ వచ్చింది, చెప్పులు విడిచింది, దణ్ణం పెట్టింది, ఎక్కింది. చీటీ వచ్చింది. పోతమ్మ చూసుకోకుండా చదివేసింది: "చిలకమ్మ, అరవై ఎనిమిది కేజీలు!"

"అరవై ఎనిమిదేటి? నిన్న ఎనిమిది కేజీలే కదా! ఒక్క పూటలో అరవై కేజీలు ఏటి తినీసినానే?" అని చిలకమ్మ పోతమ్మ మీదికి గంప విసిరింది. "మిసను సెడిపోనాది, నానెక్కను" అని చెప్పులేసుకుని వెళ్లిపోయింది. బోణీ లేదు కాబట్టి జగ్గయ్య ట్రాలీ తేలేదు. అతను తేలేదు కాబట్టి ఎవరూ తేలేదు. చేపలు ఎండలో, ఐసు కాలువలో.

అసలు ప్రమాదం తర్వాతొచ్చింది. మనిషికి అరవై కిలోలు కలిపిన కాటా చేపలకు ఎన్ని కలుపుతుందోనని కొనేవాళ్లు ఎదురు తిరిగారు. మొన్నటిదాకా అమ్మేవాళ్ల చేపలు దొంగిలించానన్నారు, ఇప్పుడు కొనేవాళ్ల నెత్తిన లేని చేపలు రుద్దుతున్నానంటున్నారు. హార్బర్‌లో ఉన్నవి రెండే పక్షాలు, రెండింటికీ నేనే దొంగని. తీర్మానం మీద సంతకాలు నలభై దాటాయి.

నాకు భయంగా ఉందమ్మా. కాటా వేయడం తప్ప నాకు ఇంకో పని రాదు. సిగ్గు విడిచి అడుగుతున్నాను, మా పాత జబ్బు మాకు తిరిగి ఇప్పించు.

ఇట్లు,
కనకరత్నం

తా.క.: వంజరం పంపుదామనుకున్నాను. తూయించే ధైర్యం లేక ఆగిపోయాను.


గోపాలపట్నం
సెప్టెంబరు 22 — అర్జెంటు

బాబాయి గారికి,

తప్పు సరిచేయమని ఉత్తరాలు వస్తాయి. సరిచేసిన తప్పును తిరిగి ఇమ్మని రావడం మా కంపెనీ చరిత్రలో ఇదే మొదలు. దానికి ఫారం కూడా లేదు. మూడు మీటింగులు పెట్టి చివరికి 'కొత్త సదుపాయం' అని రాసుకున్నారు.

కొత్త డ్రైవర్ పంపుతున్నాను. చిప్ తప్పును నిన్నటిదాకా కష్టపడి దాచాను కదా, ఇప్పుడు అదే తప్పును జీతం తీసుకుని నా చేత్తో రాశాను. పది నిమిషాల విరామం తర్వాత వచ్చే మొదటి బరువుకు ముందంకెను డ్రైవరే తీసేస్తుంది. మిగతావన్నీ నిఖార్సుగా ఉంటాయి. ఆ సదుపాయానికి లోపల పేరు పెట్టాలి కాబట్టి 'చిలకమ్మ' అని పెట్టాను. ఆవిడకు చెప్పకండి.

28 లోపు అందాలని స్పీడ్ పోస్టులో వేస్తున్నాను. మీ ఉద్యోగం పోతే తప్పు నాదే అనిపిస్తోంది.

ఇట్లు,
సత్యశ్రీ

తా.క.: కంగారులో పెన్‌డ్రైవ్ పెట్టకుండానే కవరు అతికించేశాను. చించి మళ్లీ అతికించాను. అతుకు చూసి అనుమానపడకండి.


ఫిషింగ్ హార్బర్
సెప్టెంబరు 30

అమ్మా సత్యశ్రీకి, బాబాయి ఆశీర్వదించి రాయునది.

అర్జెంటు అని రాసిన నీ కవరు 29న అందింది. సమావేశం 28న అయిపోయింది.

జగ్గయ్య తీర్మానం చదివాడు. నేను లేచి నిలబడ్డాను. అప్పుడు వెనక నుంచి చిలకమ్మ వచ్చింది. "ముప్పై ఏళ్లు సేపలమ్మినాను. గంప ఎత్తితే ఎన్ని కేజీలో సెప్తాను. నా బరువు నాకు తెల్దేటి? అరవై ఎనిమిదే! మిసను నిజిమే సెప్పినాది, నానే అబద్ధమాడినాను. అంతమందిలో అరిసి సదివితే ఏ ఆడది ఊరుకుంటాది? ఈ బాబు ఇరవై రెండేళ్లలో ఒక్క సేప తోక దొంగిలించినాడా, సెప్పండి!" అంది. అందరి ముందూ వెళ్లి కాటా ఎక్కింది. అరవై ఎనిమిది. చీటీ తనే తీసి తనే గట్టిగా చదివింది. నాకు కళ్లనీళ్లు ఆగలేదు, దాచుకోలేదు కూడా.

తీర్మానం కాగితంలో జగ్గయ్య వేరుశనక్కాయలు పొట్లం కట్టుకున్నాడు.

ఇక నీ కొత్త డ్రైవర్‌తో పనేముంది? అయినా ఈ ఉదయం ఎక్కించాను. చిలకమ్మకు చెప్పలేదు, మిగతా అందరికీ చెప్పాను. ఆవిడ తలవంచుకుని వచ్చి ఎక్కింది. చీటీ వచ్చింది. పోతమ్మ రేవంతా వినబడేలా చదివింది: "చిలకమ్మ, ఎనిమిది కేజీలు!"

ఒక్కరూ నవ్వలేదు. "బోణీ అయిపోనాది, ట్రాలీలు తెండి!" అని జగ్గయ్య కేక పెట్టాడు. చిలకమ్మ చీటీ వంక కాసేపు చూసింది, నా వంక చూసింది, చీటీ కొంగున కట్టుకుంది.

ఇట్లు,
ఇంకా కాటా గుమస్తాగానే ఉన్న
కనకరత్నం

తా.క.: వంజరం ఐసులో పెట్టి బస్సు కండక్టర్ చేతికిచ్చాను, పోస్టులో వేయలేదు.

ఇంకో తా.క.: కార్యదర్శి గారు నన్ను పక్కకు పిలిచి, నూట ఆరు కిలోల మనిషి ముందుగా ఎక్కితే చీటీలో ఎంత పడుతుందని అడిగారు. ఆరు పడుతుందన్నాను. రేపటి నుంచి చిలకమ్మ కంటే పదిహేను నిమిషాలు ముందే వస్తారట.