తెల్లరాయి దగ్గరికి దారి

నాక్‌వీలా, సరస్సుకు తూర్పు ఒడ్డు
ఏప్రిల్ 4, 2016, సోమవారం

మాలకీ,

ఆ ఒడ్డున ఉన్న మాలకీ కాన్రాయ్‌ని పలకరించి ఈ ఒడ్డు నుంచి ఫెస్టస్ హెనెగన్ రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ మా ఆవిడ బ్రీజూ బాగానే ఉన్నాం. నువ్వెలా ఉన్నావని అడగను. రోజూ పొద్దున ఏడింటికి నీ పొగగొట్టంలోంచి పొగ లేవడం చూశాకే నేను టీ పెట్టుకుంటాను. మొన్న జనవరిలో రెండు రోజులు పొగ కనబడకపోతే కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాను. నువ్వు చెల్లెలింటికి వెళ్ళావని తర్వాత దుకాణంలో తెలిసింది.

గట్టిగా కేకేస్తే వినబడే దూరానికి స్టాంపు అంటించడమేమిటని నవ్వుకుంటావేమో. నవ్వుకో. మనం మాట్లాడుకుని తొమ్మిదేళ్ళయింది. మధ్యలో మీ అక్క పోయినప్పుడు పరామర్శకొచ్చిన వాళ్ళ వరుసలో నిలబడి నీ చెయ్యి పట్టుకుని, నీ కష్టానికి బాధగా ఉందన్నాను. వచ్చావు, సంతోషం అన్నావు నువ్వు. ఆ మాటలు ఎవరికైనా చెప్పేవే కాబట్టి వాటిని మాట్లాడుకోవడం కింద వెయ్యను.

ముందు కబుర్లు చెబుతాను. హంసలు ఈ ఏడు కూడా మా వైపు రెల్లులోనే గూడు కట్టాయి. ఫిబ్రవరి గాలివానకు ఒడ్డున పాడుబడ్డ కోట ఉత్తరపు గోడ మీంచి నాలుగైదు రాళ్ళు రాలాయి, నీ వైపు నుంచి కనబడవు. కోట దాకా నడిచొచ్చే వాళ్ళ కోసం దారి బాగుచేసే పని నేను ఇంకా మానలేదు. వారానికి మూడు రోజులు దారి గుర్తు గుంజలకు రంగు వేస్తాను, వాటి మీది పసుపు మనిషి బొమ్మ మీద పాకిన నాచు గీకుతాను, ముళ్ళకంపలు కొడతాను. నువ్వు నీ పొలం గేటుకు తాళం వేశాక దారిని కొండ మీదకు తిప్పాం కదా, ఇప్పుడు కోట చేరాలంటే ఐదు చోట్ల గోడ ఎక్కి దిగాలి. నడకదారుల ఆఫీసు నుంచి పోయిన నెల సోర్‌చా అనే పిల్ల వచ్చింది. ఆ ఐదు గోడలూ దాటి చెమటలు తుడుచుకుంటూ, "ఇది మేకలకు తేలికేమో ఫెస్టస్, మనుషులకు కాదు" అని చెప్పి మన దారిని తేలిక దారుల పట్టీలోంచి కొట్టేసింది. నవ్వేశాను గానీ మనసు చివుక్కుమంది. ఒడ్డు వెంట పాత దారిలో మనం బూట్లు చేత పట్టుకుని బడికి పరిగెత్తిన రోజులు గుర్తొచ్చాయి.

ఇక అసలు సంగతికి వస్తాను. బ్రీజ్‌కు చలికాలంలో తుంటి ఆపరేషన్ అయింది. చదునైన నేల మీద, కర్ర పట్టుకుని, ఒక్కసారికి ఒక మైలు నడవొచ్చన్నాడు డాక్టరు. ఎక్కడం దిగడం మాత్రం ఇక ఈ జన్మకు లేదన్నాడు. మా గుమ్మం నుంచి ఒడ్డు వెంట, ఈ వైపే ఉన్న నీ పొలం మీదుగా, కోట ముప్పావు మైలు. పడవలో తీసుకెళ్ళే వీలు లేదు. కోట కింద అంతా బురదా రెల్లూ, నేనే దిగలేను, ఆమెనెలా దింపుతాను?

ఆమె అక్కడికి ఎందుకు వెళ్ళాలనుకుంటోందో ఈ ఊళ్ళో నీకొక్కడికే తెలుసు. 1967 నవంబరులో మనిద్దరం ఆ దారినే నడిచాం. పెట్టె నా చంకలో, పార నీ భుజాన. జ్ఞానస్నానం కాకుండానే చనిపోయిన మా బిడ్డకు చర్చి నేలలో చోటు లేదన్నారు. అలాంటి పిల్లలందరినీ పెట్టిన చోటే, కోట గోడ వెనకాల, మనమూ తవ్వాం. ఆ పెట్టె మీ నాన్న టీ పెట్టె చెక్కలతో చేసిచ్చాడు. మా దగ్గర ఒక్క మేకుకు కూడా ఏమీ తీసుకోలేదు. పని అయ్యాక నువ్వు నీళ్ళలోకి దిగి అరచేతంత తెల్లరాయి ఏరుకొచ్చి పెట్టావు. "గుర్తుండాలి కదరా" అన్నావు. ఇంటికొచ్చేసరికి బ్రీజ్ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. తల్లులు వెంట వెళ్ళే ఆచారం లేదు. ఎక్కడ పెట్టావని ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. అలా నలభై ఏళ్ళు ఒకే బల్ల దగ్గర తిన్నాం.

2007 మార్చిలో ఒక సాయంత్రం, రొట్టెకు పిండి కలుపుతూ, ఏదో ఊరికే అన్నట్టు అంది. "ఒడ్డున పసుపు పూలు వస్తున్నాయి. అవి ఉండగానే నన్నొకసారి కోట వెనక్కి తీసుకెళ్తావా?" తీసుకెళ్తానన్నాను. ఆ వారమంతా నేను బురద ఉన్న చోటల్లా చెక్కలు పరిచి, గుంటలు పూడ్చి ఒళ్ళు హూనం చేసుకున్నది ఆమె కాళ్ళ కోసమే. ఏం ఫెస్టస్, రాణిగారొస్తున్నారా అని నువ్వు ఎగతాళి చేశావు. వచ్చేపోయే వాళ్ళ కోసమేలే అన్నాను. అంత పెద్ద మాట చెప్పడం నాకు చేతకాలేదు.

ఆ శుక్రవారం సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. గేటు బార్లా తెరిచి ఉండటం, గొర్రెలు ఒడ్డు మీదకు రావడం, నడకకొచ్చిన జర్మన్ ఆవిడ కుక్క తాడు తెంపుకుని వాటి వెంట పడటం, పదకొండు చూలు గొర్రెలు నీళ్ళలోకి దూకి మునిగిపోవడం. ఇంకో పది రోజుల్లో ఈనాల్సినవి. నువ్వు నడుము లోతు నీళ్ళలో నిలబడి ఒక్కొక్కదాన్నీ లాగుతున్నావు. నేనూ లాగాను. నీ మొహం చూడలేకపోయాను.

ఆవిడ, "నేను వచ్చేసరికే గేటు తెరిచి ఉంది" అని వంద సార్లు చెప్పింది. ఎవరూ నమ్మలేదు. మర్నాడు నువ్వు గేటుకు తాళం వేశావు. తర్వాత ఫాదర్ కోనీలీ మధ్యవర్తిగా వస్తే నువ్వన్న మాట ఊరంతా తెలుసు. "ఆ గేటు తెరిచి వదిలిన మనిషి నా ముందుకొచ్చి నేనేనని చెప్పనీ. ఆ పూటే తాళం తీస్తా." జర్మన్ ఆవిడ మళ్ళీ ఈ వైపు రాలేదు. తాళం తుప్పు పట్టింది.

పోయిన వారం పక్క ఊరి వాళ్ళు, చర్చి చోటివ్వని తమ పసిపిల్లల్ని పాతిన నేలకు కంచె వేయించి, ఫాదర్‌ను పిలిచి ప్రార్థన చేయించారని రేడియోలో చెప్పారు. బ్రీజ్ రేడియో కట్టేసి కాసేపు కిటికీలోంచి చూసింది. "మాలకీని అడుగు. అతనేం రాక్షసుడు కాదు. తొమ్మిదేళ్ళుగా నువ్వు నోరు కుట్టేసుకుని కూర్చున్నదెందుకో నాకర్థం కాదు. నీకు బిడియమైతే నేనే వెళ్తా" అంది. వద్దు, ఉత్తరం రాస్తానన్నాను. నాలుగు రాసి పొయ్యిలో వేశాను. ఇది ఐదోది.

అడిగేది ఒక్కటే. పూలు ఇంకో రెండు వారాలుంటాయి. ఒక్క పూట తాళం తియ్యి. దారిని పటంలో పెట్టమనడం లేదు, నా గుంజలేవీ నీ పొలంలో పాతను. బ్రీజ్ వెళ్ళి రావాలి, అంతే. ఆమెకు డెబ్భై ఒకటి. ఇంకో వసంతం దాకా ఆ తుంటి ఆగుతుందని ఎవరూ మాట ఇవ్వలేదు. నువ్వు వీల్లేదన్నా నీ మీద నాకు కోపం ఉండదు. అది మాత్రం నిజం.

ఒకప్పటి నీ బడి జతగాడు,
ఫెస్టస్

తా.క. పైనంతా బ్రీజ్‌కు చదివి వినిపించాను. బాగా రాశావంది. ఆమె కోళ్ళకు గింజలు వెయ్యడానికి వెళ్ళింది కాబట్టి ఇది ఇప్పుడు రాస్తున్నాను. సాయంత్రం ఇదీ వినిపించాకే కవరు అంటిస్తాను.

ఆ శుక్రవారం పొద్దున చెక్కలు రెండు చేతులా మోస్తూ, గేటు మాటిమాటికీ తీసి వెయ్యలేక, రాయి అడ్డం పెట్టి తెరిచి ఉంచాను. ఆఖరి చెక్క పరిచేసరికి వాన పట్టుకుంది. రోడ్డు మీద ఎవరో బండి ఆపి ఎక్కమంటే, అటు నుంచి అటే ఇంటికెళ్ళిపోయాను. గేటు గుర్తొచ్చేసరికి నీ కేకలు వినబడుతున్నాయి. సాయంత్రం దుకాణంలో అందరి ముందూ నువ్వు నన్ను అడిగావు. నా చేత్తో గొలుసు వేశాను అన్నాను.

ఆవిడ తప్పేమీ లేదు. ఆ గేటు పక్కన బోర్డు రాసింది నేనే కదా, "గేటు ఎలా ఉంటే అలాగే వదలండి" అని. తెరిచి ఉన్న గేటును ఆవిడ బోర్డు చదివి, తెరిచే వదిలింది. ఆ సంగతి ఆవిడ నాతో చెబుతూ ఏడ్చింది. నేను తల వంచుకుని విన్నాను.

నీ గొర్రెలు పోయింది నా వల్ల. నలభై ఏళ్ళకు నోరు తెరిచి అడిగిన బ్రీజ్‌కు ఇంకో తొమ్మిదేళ్ళు ఆ దారి మూసుకుపోయిందీ నా వల్లే. ఆ మనిషి నీ ముందుకొచ్చి చెప్పాలన్నావు. ఉత్తరం నీకు అందాక, గురువారం పదింటికి గేటు దగ్గరికొచ్చి ఇదంతా నోటితోనూ చెబుతాను. తాళం తీస్తే బ్రీజ్‌ని ఒక్కదాన్నే లోపలికి తీసుకెళ్ళు, నేను ఇవతలే నిలబడతాను. తెల్లరాయి ఎక్కడుందో నీకు తెలుసు. ఆమెకు నువ్వే చూపించు.