అటు వెళ్ళేవాళ్ళు లేరు

అప్పర్‌గిల్ సత్రం,
సోమవారం

ప్రియమైన బెరిల్,

ఈ ఉత్తరం తెచ్చినవాడు నార్మన్, మన కొండదారి నడుస్తున్నాడు. అతని మడమలు రెండూ బొబ్బలెక్కాయి, పైమంచం ఎక్కించకు.

మా సత్రం అమ్మేశారు. కొన్నవాళ్ళు వేసవి విడిదిగా మార్చుకుంటారట. నెలాఖరు దాకానే నేనిక్కడ. దక్షిణాన సముద్రం పక్క సత్రానికి మనిషి కావాలట, ఆదివారంలోగా జవాబు చెప్పమన్నారు. నాకు వెళ్ళాలని లేదు. ఇరవై రెండేళ్ళుగా నీకు పద్నాలుగు మైళ్ళ దూరంలో బతికాను, అంతకన్నా దూరం నావల్ల కాదు. అందుకే అడిగేస్తున్నాను, నన్ను పెళ్ళి చేసుకుంటావా?

జవాబు పోస్టులో వేయకు. పోస్టాఫీసులో కూర్చునేది మా వదిన. కవరు వెలుతురుకు పట్టి చూసి లోపలేముందో ఊరంతా చెప్పేస్తుంది. ఎప్పటిలాగే నడిచేవాళ్ళ చేతికే ఇవ్వు.

నీ
క్లిఫర్డ్

హేబార్న్ సత్రం,
గురువారం

ప్రియమైన క్లిఫర్డ్,

నార్మన్ సోమవారం సాయంత్రమే దిగాడు. నా జవాబు మాత్రం ఇంకా ఆప్రాన్ జేబులోనే ఉంది. దారి పుస్తకం రాసిన మహానుభావుడు దక్షిణం నుంచి ఉత్తరానికి రాశాడు, జనమంతా గొర్రెల్లా అలాగే నడుస్తున్నారు. ఎప్పుడో ఒకరిద్దరు నీ వైపు వచ్చేవాళ్ళు, ఈ వారం వాళ్ళూ లేరు. నిన్న ఎనిమిది మంది వచ్చారు, ఎనిమిది మందీ నీ దగ్గర నుంచి వచ్చినవాళ్ళే. క్లిఫర్డ్ ఎలా ఉన్నాడని అడిగితే, “పాపం, పొద్దున జావ మాడబెట్టాడండీ, కిటికీ దగ్గరే నిలబడ్డాడు” అంది ఒకామె.

నాకూ ఏ పనీ తోచడం లేదు. ఉతికిన దుప్పట్లే మళ్ళీ ఉతికాను. బూట్లు ఆరబెట్టే గది రెండుసార్లు ఊడ్చాను. అటు వెళ్ళేవాడు ఒక్కడు దొరికితే చాలు, బలవంతంగానైనా చేతిలో పెడతాను.

నీ
బెరిల్

అప్పర్‌గిల్ సత్రం,
శనివారం పొద్దున్న

ప్రియమైన బెరిల్,

ఐదు రోజులైంది. ఇటు వచ్చేవాళ్ళు నీకు దొరకలేదేమోనని నమ్మాలనే ఉంది, కానీ మనసు ఊరుకోవడం లేదు. కాదనాలనుకుంటే మొహం మీదే చెప్పు. ఇప్పుడే బస్సెక్కుతున్నాను. చుట్టూ తిరిగి సాయంత్రానికి నీ గుమ్మంలో ఉంటాను. ఇక్కడ తలుపు తీసే ఉంచాను, వచ్చేవాళ్ళు వాళ్ళ తిప్పలు వాళ్ళు పడతారు. నాకు సిగ్గుగానే ఉంది.

బస్సు ఆలస్యమైతే నాకన్నా ముందే నీకు తెలియాలని ఈ ఉత్తరం రాత్రి ఇక్కడ దిగిన అక్కచెల్లెళ్ళ చేతికిస్తున్నాను.

నీ
క్లిఫర్డ్

కొండ మీద, విరిగిన గోడ దగ్గర,
శనివారం మధ్యాహ్నం

ప్రియమైన మూర్ఖుడా,

నువ్వు పంపిన అక్కచెల్లెళ్ళు ఇక్కడే ఎదురయ్యారు. “బెరిల్ గారి సత్రం ఇంకా ఎంత దూరం?” అని నన్నే అడిగారు. దక్షిణానికి వెళ్ళేవాళ్ళు ఎవరూ దొరక్క, గురువారం రాసిన ఉత్తరం జేబులో పెట్టుకుని నేనే బయల్దేరాను మరి! ఏడు మైళ్ళు నడిచాక, నీ ఉత్తరం చదివితే తెలిసింది నువ్వు బస్సులో ఉన్నావని. ఈ గోడ మీద కూర్చుని నవ్వాను, తర్వాత కాస్త ఏడ్చాను కూడా.

వెనక్కి తిరుగుదామనుకున్నాను. కానీ మబ్బు కమ్ముకొస్తోంది, ఇవాళ నీ సత్రానికి ఎనిమిదో తొమ్మిదో మంది తడిసి వస్తారు, పొయ్యి వెలిగించే దిక్కు లేదు. నేను అటే వెళ్తున్నాను. నువ్వు నా సత్రం చూసుకో. తాళం చెవి పాలక్యాను కింద ఉంది. ఈ ఉత్తరం తెచ్చే పిల్లలిద్దరికీ వేడిగా సూప్ పెట్టు. జావ మాత్రం ముట్టుకోకు.

జవాబు అవును. సోమవారం సాయంత్రం నుంచీ అవునే.

రేపు అందర్నీ పంపించి పదింటికి బయల్దేరు. నేనూ బయల్దేరుతాను. ఈ గోడ దగ్గర కలుద్దాం. మళ్ళీ బస్సెక్కావంటే ఊరుకోను.

నీ
బెరిల్