ఆగని ఉడుత

గురువారం, ఉదయం

పూజ్యురాలైన అక్కయ్యకు, నా మరమ్మతు కొట్లోని గడియారాలన్నీ ఒకే గొంతుతో గంట కొట్టిన శుభవేళ చూసుకొని తమ్ముడు వ్రాస్తున్న ఉత్తరం.

నిన్న మెకానిక్కు మన కారును నీ ఇంటి ముందు నిలిపి, తాళం నీ చేతిలో పెట్టి వచ్చినట్లు చెప్పినాడు. అప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు. అయినా ఇచ్చిన మాట ఇచ్చినదే. ఇంటింటికీ తిరిగి రోగులకు కట్లు కట్టే నర్సువు. ఆ కొండదారిని నీ మోకాళ్ళు ఇక మోయలేవు. ఇక్కడ చూస్తే, నీ మరదలికి బస్సు డ్రైవరు ఉద్యోగం వచ్చింది మొదలు ఉడుత ఊరికే నిలబడి ఉంటున్నది.

ఉడుత అనగా మన కారే. తొంభైలలో పుట్టిన చిన్న డీజిలు బండి. చూపుకు అగ్గిపెట్టె, తిండికి పిచ్చుక, పనికి ఏనుగు. దానిని ఎలా చూసుకోవలెనో నిబంధనల జాబితా జతపరుస్తున్నాను. మచ్చుకు కొన్ని:

ఒకటి: తాళం తిప్పిన వెంటనే స్టార్టు చేయరాదు. స్టీరింగు ఎదుటి నారింజ రంగు దీపం ఆరేదాకా ఊపిరి బిగబట్టి వేచియుండవలెను.

నాలుగు: చల్లని ఇంజనును కసరరాదు.

తొమ్మిది: గేరులో ఉండగా క్లచ్చి మీద నుంచి కాలు ఒక్కసారిగా తీసి, బండిని విదిలించి ఆపరాదు. అది ఇంజను మీద అఘాయిత్యం.

పదిహేను: తలుపు వేసేటప్పుడు లోపల పసిబిడ్డ నిద్రపోతున్నట్లు భావించవలెను.

మరొక రహస్య విన్నపం. మన ఉత్తరాలు నీ మరదలి బస్సులోనే వచ్చి పోతాయి గాని, బండి సంగతి ఆమెతో ఎత్తవద్దు. ఉడుతను ఇవ్వడం ఆమెకు ఇష్టం లేదని నా అనుమానం. మెకానిక్కుకు తాళం ఇస్తుంటే ముఖం అటు తిప్పుకున్నది. చిన్న లోపం ఉన్నదని తెలిసినా వెనక్కి తెచ్చివేయగలదు. మెకానిక్కుకు కూడా చెప్పవద్దు. వాళ్ళిద్దరూ బస్టాండులో ఒకే బల్ల మీద టీ తాగుతారు.

ఇట్లు,
నీ మాట జవదాటని తమ్ముడు

తా.క.: కవరును నాలుగు వైపులా జిగురుతో అతికించినాను. చించేటప్పుడు నిబంధనలు చిరగకుండా చూడగలవు.


గురువారం, సాయంత్రం

ఒరే జాబితా, నీకు దీవెనలు, నీ జిగురుకి శాపనార్థాలు.

కవరు చించేసరికి నా గోళ్ళు అరిగిపోయాయి. దీపం ఆరేదాకా ఊపిరి బిగబట్టమన్నావు, బిగబట్టాను. ఇంకొంచెం ఆలస్యమైతే దీపంతో పాటు నేనూ ఆరిపోయేదాన్ని. కానీ ఒరే, ఏం బండిరా! వీధి చివరి ఎత్తు చూసి దేవుణ్ణి తలుచుకున్నాను. అది మాత్రం మూలుగు లేకుండా, అమ్మ చెప్పిన పనికి పరిగెత్తే పిల్లలా ఎక్కేసింది. ఇంత చిన్న దానిలో ఇంత ఓపిక ఎక్కడ పెట్టార్రా?

ఇంటికొచ్చి తాళం వెనక్కి తిప్పాను. ఆగలేదు. తాళం బయటికి లాగేశాను. ఆగలేదు. ఇప్పుడు తాళం నా కొంగున ఉంది, నేను వంటింట్లో ఉన్నాను, అది వాకిట్లో టకటకటక అంటూనే ఉంది. నీ జాబితా తిరగేసి మరగేసి చూశాను. ఆపడం ఎలాగో ఎక్కడ రాశావురా?

సోమవారం నుంచి కొండ అవతలి ఇళ్ళన్నీ నాకు అప్పగించారు. ఆస్పత్రి ఆవరణలో ఇంజను నడుస్తున్న బండి పెడితే పెద్ద డాక్టరమ్మ ఒప్పుకోదు. "వాహనం కుదరకపోతే చెప్పండి, చీటీలు రాసే బల్ల ఖాళీగానే ఉంది" అని ముందే అనేసింది. ఇన్నేళ్ళు మనుషుల్ని ముట్టుకుని నయం చేసినదాన్ని, నన్ను ఆ బల్ల వెనక కూర్చోబెట్టకు నాయనా.

ఇట్లు,
వంటింట్లోంచి అరుస్తున్న అక్క

తా.క.: పక్కింటావిడ వచ్చి, "ఇందాకణ్ణించీ కుట్టుమిషను తొక్కుతూనే ఉన్నారు, ఇంట్లో పెళ్ళేమైనా ఉందా?" అని అడిగింది.


శుక్రవారం, ఉదయం

సహనమూర్తి అయిన అక్కయ్యకు, రాత్రి కంటి మీద కునుకు లేని తమ్ముడి నమస్కారాలు.

తాళం తీసినా ఆగని బండి లోకంలో ఉండదు. కావున ఈ క్రింది వాటిని వరుసగా పరిశీలించగలవు. మొదటిది, నీవు తీసినది బీరువా తాళమేమో సరిచూడవలెను. రెండవది, కొత్త బండి ఎక్కి దిగిన వారికి ఆ చప్పుడు కొంతసేపు చెవిలో నిలిచిపోతుంది. చెవిలో దూది పెట్టి చూడవలెను. మూడవది, నిజంగానే కుట్టుమిషనేమో విచారించవలెను.

ఆపడం గురించి ఎందుకు వ్రాయలేదని అడిగినావు. నీళ్ళు తాగినవాడికి మింగమని ఎవరైనా చెబుతారా? ఆగడం ఉడుతకు సహజగుణం. ఇన్ని సంవత్సరాలలో మా గేటు దాటి లోపలికి వచ్చి ఆగని రోజు లేదు. నేను గేటు మూసి, గొళ్ళెం పెట్టి వెనుదిరిగేసరికి బుద్ధిగా నిశ్శబ్దంగా నిలబడి ఉండేది.

ఇట్లు,
కలత చెందిన తమ్ముడు

తా.క.: అది అలా నడుస్తూనే ఉంటే డీజిలు ముల్లు ఎక్కడ ఉన్నది? ఆందోళనతో కాదు, ఆసక్తితో అడుగుతున్నాను.


శుక్రవారం, సాయంత్రం

ఒరే తెలివితేటల పుట్టా, అక్క దీవెనలు.

బీరువా తాళంతో బండి స్టార్టు చేయగలిగేదాన్నైతే నేను నర్సునెందుకవుతానురా? దూది పెట్టుకున్నాను. టకటక కాస్తా గుసగుస అయింది, అంతే.

సైకిల్ షాపాయన్ని పిలిచాను. "కరెంటు లేకపోతే ఏ బండైనా చావాల్సిందే" అని బాటరీ ఊడదీసి, ఎత్తుకెళ్ళి నా అరుగు మీద పెట్టాడు. అయినా అది నడుస్తోందిరా! తాళం నా కొంగున, బాటరీ అరుగు మీద, ఉడుత వీధిలో, దాని మానాన అది. సైకిల్ షాపాయన టోపీ తీసేశాడు. పాలాయన క్యాన్లు దించి అలాగే నిలబడిపోయాడు. పూర్వం బ్యాండులో డ్రమ్ము వాయించిన ముసలాయన కుర్చీ తెప్పించుకుని పక్కనే కూర్చున్నాడు. "ఒక్క దెబ్బ తప్పట్లేదమ్మా, నేను కూడా ఇంత నిలకడగా వాయించలేదు" అని కళ్ళు తుడుచుకున్నాడు.

ముల్లు అడిగావుగా. నిన్న ఎక్కడుందో దానికి వెంట్రుకవాసి కిందుంది. ఏం తిని బతుకుతోందిరా ఇది? గాలా?

నీ తొమ్మిదో నిబంధన పక్కన పెట్టి, క్లచ్చి వదిలేసి ఒక్క విదిలింపు విదిలించనా?

ఇట్లు,
వీధిన పడ్డ అక్క

తా.క.: బానెట్టు వెచ్చగా ఉందని ఉతికిన కట్లగుడ్డలు దానిమీద ఆరేశాను. చిటికెలో ఆరిపోయాయి. ఇప్పుడు వీధి వీధంతా బట్టలతో వరసకట్టింది.


శనివారం, ఉదయం

అక్కయ్యకు, ఆశ్చర్యంలో మునిగి ఉన్న తమ్ముడి నమస్కారాలు.

విదిలించవద్దు! నీకు పుణ్యముంటుంది, విదిలించవద్దు!

నీ ఉత్తరం చదివి కొట్టు తలుపులు మూసి, గడియారాల మధ్య కూర్చుండిపోయినాను. స్ప్రింగు విప్పితే నా కొట్లో ఆగని యంత్రం లేదు. ఉడుత తాళం లేక, బాటరీ లేక, మెచ్చుకునే యజమాని దగ్గర లేక కూడా నడుస్తున్నది! ఇంతటి దానిని ఇంతకాలం పక్కన పెట్టుకొని అద్దాలు తుడుస్తూ కూర్చున్నానా?

తీవ్రంగా ఆలోచించగా కారణం స్ఫురించినది. నీ ఇంటికి గేటు లేదు. గేటు దాటితేనే ఇల్లు చేరినట్లు ఉడుతకు అలవాటు. ఇంకా దారిలోనే ఉన్నాననుకొని పాపం నడుస్తున్నది. కావున వెంటనే ఒక గేటు ఏర్పాటు చేసి, ఒకరు వెనుక నిలబడి "రానీ, రానీ, చాలు" అనవలెను. "చాలు" అనేది మృదువుగా ఉండవలెను. బండి వెనుకకు జరిగి లోపలికి రాగానే గొళ్ళెం చప్పుడు స్పష్టంగా వినిపించవలెను. నేను ప్రతిదినం చేసినది ఇదే. ఏనాడూ విఫలం కాలేదు.

ఇట్లు,
తమ్ముడు

తా.క.: గొళ్ళెం ఇనుపదై ఉండవలెను. చెక్కదైతే నమ్మకపోవచ్చును.


శనివారం, సాయంత్రం

ఒరే, దీవెనలు మిగిలి ఉంటే అవి కూడా నీకే.

గేటు కట్టాం. సైకిల్ షాపాయన రెండు నిచ్చెనలు పాతాడు, పక్కింటావిడ స్నానాలగది తలుపు ఊడదీసి ఇచ్చింది. గొళ్ళెం ఇనుపదే. "రానీ, రానీ" అనడానికి పాలాయన ముందుకొచ్చాడు. వీధంతా ఊపిరి బిగబట్టింది. నేను వెనక్కి తీసుకుంటూ వచ్చాను. పాలాయన తేనె పూసినట్టు "చాలు" అన్నాడు. గొళ్ళెం ఠంగుమంది.

టకటకటకటక.

ముల్లు ఇప్పటికి సగానికి కాస్త అటూ ఇటూ. దాని ఓపికకి దణ్ణం పెడుతున్నాను, నా ఓపిక మాత్రం అడుగంటింది. ఎల్లుండే సోమవారం. ఇక జాబితాలొద్దు. ఒక్క ముక్క రాయి. నువ్వు సీట్లో కూర్చుని, బండి ఆపడానికి చెయ్యి ఎక్కడ పెట్టేవాడివి?

ఇట్లు,
అక్క

తా.క.: పక్కింట్లో తలుపు లేకుండా స్నానం చేస్తున్నారు. తొందరగా జవాబు రాయి.


ఆదివారం, ఉదయం

వదినా, మీ మరదలి నమస్కారాలు. ఈ కవరు ఒక్కవైపే అతికించాను, సుఖంగా చించుకోండి.

నిన్న మీ ఉత్తరం చదివి ఈయన చాలాసేపు మంచం మీద చెయ్యి గాల్లో పెట్టుకుని కూర్చున్నారు. చివరికి నా దగ్గరికొచ్చి, "అవునూ, బండి ఆపడానికి చెయ్యి ఎక్కడ పెడతారు?" అని అడిగారు.

ఈయన ఉడుతని ఒక్కసారి కూడా నడపలేదు వదినా. లైసెన్సే లేదు. ఇన్నేళ్ళూ నడిపింది నేను. ఈయన పక్క సీట్లో కూర్చుని నిబంధనలు చదివేవారు. మా మలుపు రాగానే దిగిపోయి, గేటు తీసి, వెనక నిలబడి "రానీ, రానీ" అనేవారు. ఆయన గొళ్ళెం పెట్టి తిరిగేసరికి నేను ఆపేసేదాన్ని. గేటే ఆపుతోందని అనుకున్నారు, మహానుభావుడు!

అది తాళానికి ఆగడం ఎప్పుడో మానేసింది. మన మెకానిక్కు ఒక తీగ కట్టిపెట్టాడు. స్టీరింగు కింద, మోకాలికి తగిలేచోట నల్ల పిడి ఉంటుంది. లాగితే చాలు. తెచ్చి దించిన రోజు తనూ అదే లాగాడట, మీకు తెలుసనుకున్నాడు. ఈయనకి చెబితే జాబితాలో ఇంకో నిబంధన పెరుగుతుందని నేను చెప్పలేదు.

నాకు ఇష్టం లేదని ఈయన మీకు రాశారట కదా. మీకు ఇద్దామన్నదే నేను. ఆ రోజు ముఖం తిప్పుకున్నది బండి వెళ్తోందని కాదు, తాళం ఇస్తున్నప్పుడు ఈయన ముఖం చూడలేక. ఇప్పటికీ సాయంత్రమయ్యేసరికి వెళ్ళి గేటు తీసి నిలబడుతున్నారు.

అందుకే ఆ పిడి ఇప్పుడే లాగకండి. రెండో ట్రిప్పులో ఈయన్ని తీసుకొస్తాను. ఉడుతని ముందు నుంచి చూశారు, వెనక నుంచి చూశారు, అది ఆగుతుంటే మాత్రం ఒక్కసారీ చూడలేదు. మీ సీట్లో కూర్చోబెట్టి ఆయన చేత్తోనే లాగించండి. రేపు పొద్దున బాటరీ తిరిగి బిగించుకుని, మీరు స్టార్టు చేసుకుని కొండెక్కండి. ఇక అది మీది.

ఇట్లు,
మీ మరదలు

తా.క.: ఇది బస్టాండులో, బ్రేకు తొక్కిపట్టి స్టీరింగు మీద రాస్తున్నాను. మొదటి ట్రిప్పుకి బస్సు వెనక్కి తీస్తుంటే అద్దంలో ఈయన కనిపించారు. రెండో ట్రిప్పు దాకా ఆగలేకపోయారట. ఉత్తరం ఆయన చేతికే ఇచ్చి పంపుతాను. ప్రస్తుతానికి బస్సు వెనక నిలబడి, ప్రయాణికులంతా కిటికీల్లోంచి తలలు బయటపెట్టి చూస్తుండగా, "రానీ, రానీ" అంటున్నారు. "చాలు" అనేదాకా నేనూ ఆపదలచుకోలేదు.