పాల ప్లేటులో చేప పేగు

అమ్మా,

నువ్వు పోయి ఈరోజుకి ఏడాది. ఇది నీకు చేరదని తెలిసినా చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

బజార్లో రోజంతా చేపల పేగులు తీసీ తీసీ నీ వేళ్ల కొసలు నున్నగా అరిగిపోయాయి. "సచ్చినా చేప కడుపు ఊరుకోదే, తోలు తినేస్తాది" అనేదానివి. నేను నవ్వేదాన్ని. రేషన్ షాపు మెషీన్ నీ వేలిముద్ర పట్టకపోతే షాపువాడు అందరి ముందూ "అమ్మా, ఉంగ్లీ సాఫ్ కర్‌కే ఆవో" అని, వేలు శుభ్రం చేసుకు రమ్మని అరిచాడు. నువ్వు కొంగుకి తుడుచుకుని మళ్లీ మళ్లీ పెట్టావు.

నిన్న మా కాలేజీ ల్యాబులో, జెల్లీలో పాలు కలిపి గడ్డకట్టించిన ప్లేటు మీద చేప పేగుల రసం ఒక్క చుక్క వేశాను. ఇవాళ పొద్దున్న మూత తీస్తే తెల్లటి పాల మధ్య అద్దంలాంటి గుండ్రటి ఖాళీ! నా అరుపుకి పక్క క్లాసువాళ్లు పరుగెత్తుకొచ్చారు. ప్రోటియేజ్ అనే ఎంజైము ఆ పాలలోని ప్రొటీన్‌ని తినేసింది. చేప చచ్చినా అది పని మానదు. మన చర్మాన్నీ, వేలి గీతల్నీ వదలదు. నువ్వు చెప్పిందే నిజం, అమ్మా!

రేపు ఈ ప్లేటు ఫొటో పట్టుకుని రేషన్ షాపుకి వెళ్తున్నాను. అందరి ముందే చెప్తాను: "మా అమ్మ వేళ్లు ఆవేళ కూడా సాఫ్‌గానే ఉన్నాయి, భయ్యా."