ఈసారి సున్నం అందరి ముందే

బాపూ, నేనిక్కడ క్షేమం. మంచిర్యాల వాట్సాప్ గ్రూపులో తిట్లు చదవలేక నువ్వు ఫోన్ పక్కన పడేశావని అవ్వ చెప్పింది. అందుకే ఈ కార్డు.

క్రిస్మస్‌కు మనం ఏటా వేసే సున్నాన్ని ఎవరో ఫోటో తీసి "వరద మరకలు దాస్తుండ్రు" అని పెడితే, ధర ఇంకా పడుతుందని ఇల్లు సగానికే అమ్ముతావా? గోదారి నీళ్లు మన గడప ఎప్పుడు తొక్కాయి?

వదంతులతో ఇళ్ల ధరలు ఎలా పడతాయన్నదే కదా నా పరిశోధన. మొన్న వేములవాడలో కిష్టవ్వను కలిశాను. ఆమె ఇంట్లో దయ్యముందని ఫోన్లలో తిప్పితే కొనేవాళ్లే రాలేదట. "వాడకట్టోళ్లందరు గా ఫోన్లలనే తమ పేర్లతోని రాసిండ్రు బిడ్డా, గా ఇంట్ల బువ్వ తిన్నం, ఏ దయ్యం లేదని. మల్ల బేరగాళ్లు వస్తుండ్రు" అంది. ఇరుగుపొరుగు ఇలా నిలబడిన ఇంకో నాలుగైదు వీధుల్లోనూ ధర మళ్లీ లేచింది.

బ్రోకర్ దగ్గర బయానా తీసుకోకు. అవ్వ మోకాలికి నూనె రాస్తున్నారా? ఈ ఏటి సున్నం నేనొచ్చేదాకా ఆపు. పాతది గీకేసి, ఒట్టి గోడ చూడమని వాడకట్టునంతా చాయ్‌కి పిలుద్దాం. మరక వెతికినంతసేపు వెతకనీ. దొరకకపోతే తలా ఒక సున్నపు కుంచె ఇద్దాం.

ప్రభువు మన గడపను చల్లగా చూడాలి.

నీ బిడ్డ ఆరాధన,
కరీంనగర్